మా తోడల్లుడి ఇంజను

మా తోడల్లుడి కారు చప్పుడు వింటే నాకు కడుపు మండుతుంది. చప్పుడు ఎక్కువని కాదు, లేదని. పాత డీజిలు బండి అది. మీటరులో అంకెలన్నీ అయిపోయి, మొదటికొచ్చి, మళ్ళీ ఎక్కుతున్నాయి. ఆ వయసు బండి వీధి మొగదల ఉండగానే ఇంట్లో గిన్నెలు మోగాలి. ఆయనది మా వాకిట్లోకి వచ్చి ఆగాక, ఆయన తలుపు తీసి దిగితే తప్ప వచ్చినట్టే తెలిసేది కాదు.

ముందే చెబుతున్నాను, ఆయన చెడ్డవాడు కాదు. అదే నా బాధ. చెడ్డవాడైతే నాలుగు తిట్టుకుని సుఖంగా ఉండేవాణ్ణి.

ఆయన మా ఆవిడ అక్క మొగుడు. పులివెందులలో బడిపంతులు. నేను జమ్మలమడుగులో ఆఫీసు గుమాస్తాను. మా అత్త ప్రొద్దుటూరులో తన చెల్లెలితో కలిసి ఉంటుంది. ఉద్యోగమంతా జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసింది కాబట్టి, ఊరు మారినా ఆమె చర్చి మాత్రం మారలేదు. నెల మొదటి ఆదివారం ప్రభు భోజనపు రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి జమ్మలమడుగు రాతి చర్చికే రావాలి, తను పెళ్ళి చేసుకున్న చర్చిలో ఆ మూడో బెంచీలోనే కూర్చోవాలి. మోకాళ్ళు అరిగిపోయి బస్సు మెట్లెక్కలేదు. ఎవరైనా కారులో తీసుకురావాలి.

ఇప్పుడు మీరే చెప్పండి. ప్రొద్దుటూరుకు దగ్గర నేనా, ఆయనా? నేను గంటలో పోయి ఎక్కించుకుని రాగలను. ఆయన పులివెందులలో తెల్లారకముందే లేచి, ముద్దనూరు నుంచి నేరుగా జమ్మలమడుగు రాగలిగి కూడా, ఎర్రగుంట్ల మీదుగా ప్రొద్దుటూరు చుట్టి, అత్తను ఎక్కించుకుని, మా ఇంటి ముందు నుంచే చర్చికి పోయేవాడు. మా ఇంటి ముందు నుంచే! మా ఆవిడ ముగ్గు వేస్తూ చెయ్యి ఊపేది. "మా బావ బండి సూడు, నీళ్ళ మీద పడవ మాదిరి పోతాంది" అనేది. నేను పేపరు అడ్డం పెట్టుకునేవాణ్ణి.

నాకు కారు లేక కాదు. ఉంది. ఆయన ఆ బండి పాతది కొన్న కొన్నాళ్ళకే నేనూ కొన్నాను. అదే కంపెనీ, అదే ఏడాది తయారీ, అదే తెలుపు. కావాలని వెతికి వెతికి కొన్నాను. పక్కపక్కన పెడితే కవల పిల్లలే. పైగా చూడ్డానికి నాదే బాగుంటుంది. ఏటా పాలిష్ పట్టిస్తాను. సీట్లకు కొత్త గుడ్డలు, చక్రాలకు మెరిసే మూతలు, వెనక అద్దం మీద బైబిలు వాక్యం రాయించాను. ఆయన బండి మీద పులివెందుల దుమ్ము అంగుళం మందం. అయినా మా అత్త ఎక్కేది దాంట్లోనే.

ఎందుకంటే ఒకసారి నా బండి ఆమెను దారిలో దించేసింది. పత్తి తీసే కాలం. ప్రొద్దుటూరు దాటి సగం దూరం వచ్చామో లేదో ఆవిర్లు కక్కుతూ ఆగిపోయింది. పత్తి లారీల వెనక పోయి పోయి రేడియేటరు నిండా దూది పేరుకుంది, గాలి ఆడలేదు. మా అత్త తెల్లచీర కట్టుకుని, బైబిలు చంకలో పెట్టుకుని, చేను గట్టు మీద కూర్చుంది. చివరికి ఆటోలో చర్చికి చేరేటప్పటికి ప్రభు భోజనం అయిపోయింది. భోజనాల దగ్గర, అందరూ ఉండగా, మజ్జిగ పోసుకుంటూ అనింది: "సిన్నల్లుని బండ్లో ప్రార్థన సేసుకుంటా పోవాల. పెద్దల్లుని బండ్లో పాట పాడుకుంటా పోవచ్చు."

అందరూ నవ్వారు. మా ఆవిడ కూడా నవ్వింది. మా తోడల్లుడు మాత్రం నవ్వలేదు. "అట్ల కాదులే అత్తా, పత్తి కాలంలో యా బండికైనా వస్తాది" అన్నాడు. పుండు మీద కారం చల్లడమంటే అదే. నవ్వినా బాగుండేది.

ఆ రోజు నుంచి నాకు ఒకటే పట్టుదల. మా అత్త నా బండిలో పాట పాడుకుంటూ చర్చికి రావాలి. చాలు, ఇంకేమీ వద్దు.

మా ఇద్దరి బండ్లకూ మేస్త్రి ఒక్కడే. ప్రొద్దుటూరులో షెడ్డు. పెద్ద పొట్ట, అంతకంటే పెద్ద నోరు. ఆ కంపెనీ ఆ బండ్లు చెయ్యడం మానేసి చాలా కాలమైంది కాబట్టి, వాటిని ముట్టుకునే చెయ్యి చుట్టుపక్కల ఆయనదొక్కటే. ఆ సంగతి ఆయనే రోజుకు పదిసార్లు చెబుతాడు. బండి బాగుపడిందో లేదో చూడ్డానికి ఆయనది ఒక పద్ధతి. ఇంజను ఆన్ చేసి వదిలి, నిండా పోసిన టీ గ్లాసును బానెట్ మీద పెడతాడు. టీ కదలకపోతే బండి ఇచ్చేస్తాడు. కదిలితే మళ్ళీ పానా పడతాడు. మా తోడల్లుడి బానెట్ మీద గ్లాసు పెట్టి ఆయన బీడీ ముట్టించి, ఊరి సంగతులన్నీ మాట్లాడి, తీరిగ్గా టీ తాగేవాడు. నా బానెట్ మీద గ్లాసు నడుచుకుంటూ పోయి కింద పడేది. షెడ్డు ముందర పగిలిన గాజు పెంకులన్నీ నా బండివే.

"ఏంది మేస్త్రీ, ఒకటే బండి గదా రెండూ. ఆయన దానికేం జేస్తాండావు, నా దానికేం జేస్తాండావు?" అని ఒకసారి నిలదీశాను.

"రెండిటికీ ఒకటే పానా సారూ" అన్నాడు. "ఆయప్ప ఇంజన్ ఏడెక్కినాకనే కదిలిస్తాడు, శానా దూరం పోయొస్తే వెంటనే ఆర్పడు, కాసేపు ఊరికే తిరగనిస్తాడు. నువ్వు గుర్రమెక్కినట్ల ఎక్కి తోల్తావు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుండాది నీ యవ్వారం."

నాకు ఒళ్ళు మండింది. టీ గ్లాసులు కడిగేవాళ్ళు, ట్రాక్టర్ల వాళ్ళు, అందరి ముందరా అన్నాడు ఆ మాట. దీంట్లో ఏదో కిటుకు ఉంది, ఇద్దరూ కలిసి దాస్తున్నారు అనుకున్నాను. మా తోడల్లుణ్ణే అడిగాను, ఏ ఆయిలు పోస్తున్నావన్నా అని. "మామూలుదే తమ్ముడా, టయానికి మారుస్తాండా, అంతే" అన్నాడు. మామూలుదే అంట! మామూలుది పోస్తే బండి పిల్లిలాగా నడుస్తుందా? చెప్పడం ఇష్టం లేదని అర్థమైంది.

ఇక నా దారి నేను చూసుకున్నాను. జమ్మలమడుగులో ట్రాక్టర్లకు పోసే చిక్కటి ఆయిలు ఉంటుంది, బెల్లం పాకంలాగా. అది తెచ్చి పోశాను. ఏం చెప్పమంటారు! టకటకలన్నీ పోయాయి. బండి గొంతు మారిపోయింది. నేనే ఇంట్లోంచి గ్లాసు తెచ్చి బానెట్ మీద పెట్టాను. నడవలేదు. వణికింది, నిజమే, కానీ పడలేదు. మా ఆవిణ్ణి పిలిచి చూపించాను. "మా బావ దాని మాదిరే ఉండాదే" అంది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

తర్వాత వారం చేపల కోసం మైలవరం పోయాను. ఎండాకాలం, డ్యాము గట్టు ఎక్కి దిగి, తిరిగొచ్చేటప్పుడు వేడిముల్లు ఎర్రగీత దాటింది. ఇంకెంత దూరంలే అని తొక్కాను. ఊరి పొలిమేరలో ఒక్క కేక వేసి ఇంజను పట్టేసింది. తాళం తిప్పితే కట్ అని ఒక చప్పుడు, అంతే. చేపల సంచీ, నేను, ట్రాక్టరు వెనక తాడు కట్టించుకుని ప్రొద్దుటూరు షెడ్డుకు చేరాం. మేస్త్రి ఆయిలు పుల్ల తీసి, వేళ్ళ మధ్య నలిపి, నా ముఖం చూశాడు. "పూరీలు కాల్సను పోసినావా సారూ దీన్ని?" అన్నాడు. ఇంజను లోపల ఏదీ మిగల్లేదంట. కొత్త సామాను దొరకదు. పాత సామాను హైదరాబాదు తుక్కు అంగళ్ళలో కూడా లేదు. బండిని షెడ్డు గోడ పక్కకు తోశారు. మెరిసే మూతలతో, వెనక వాక్యంతో, అట్లాగే ఉండిపోయింది.

మొదటి ఆదివారాలు వచ్చాయి, పోయాయి. మా తోడల్లుడి బండి మా ఇంటి ముందు నుంచి చప్పుడు లేకుండా పోతూనే ఉంది. ఒకసారి ఆగి, "నువ్వూ రా తమ్ముడా, సోటుండాది" అన్నాడు. నడిచి పోతానని చెప్పాను. ఎండలో నడిచే పోయాను.

అప్పుడు ఆయన బండికి అయింది. ఆయన తప్పు ఏమీ లేదు, ఆయన తప్పు ఎప్పుడూ ఉండదు. పులివెందులలో బడి గోడ పక్కన నీడలో పెట్టుకున్నాడు. బండలు తోలే లారీ ఒకటి వెనక్కి తీసుకుంటూ వచ్చి నడుము మీద ఎక్కింది. మనుషులు ఎవరూ లేరు, దేవుడి దయ. బండి మాత్రం మధ్యలో వంగిపోయింది. దాన్నీ లారీ మీద వేసుకుని అదే షెడ్డుకు తెచ్చారు. మా ఆవిడ ఫోనులో అక్కతో మాట్లాడుతూ కన్నీళ్ళు పెట్టుకుంది. నా బండి పోయినప్పుడు చేపలు పాడయ్యాయా అని అడిగింది.

మేస్త్రి మా ఇద్దరినీ పిలిపించాడు. రెండు తెల్లబండ్లు పక్కపక్కన ఉన్నాయి. ఒకదానికి ఒళ్ళు ఉంది, ప్రాణం లేదు. ఇంకోదానికి ప్రాణం ఉంది, ఒళ్ళు లేదు. మేస్త్రి తాళం తిప్పి చూపించాడు. నడుము విరిగిన ఆ బండి ఇంజను, నిన్ననే షోరూములో నుంచి వచ్చినట్టు, మెత్తగా తిరిగింది. నడుము విరిగినా నన్ను వెక్కిరిస్తోంది.

"రెండిట్లో ఒకటే బతుకుతాది" అన్నాడు మేస్త్రి. "మా షెడ్డులో ఒక పద్ధతి ఉండాది. మా నాయన కాలం నుంచీ ఉండాది. యెవురి బాడీ నిలిస్తే వాళ్ళదే బండి. కాయితాలు బాడీకే గదా ఉండేది. ఇంజన్ ఇచ్చినోల్లకు దుడ్లు అక్కర్లే. కానీ వాళ్ళు తాళం అడిగినప్పుడు లేదనగూడదు. ఆ మాటకు ఒప్పుకుంటేనే నేను పానా పడతా."

నిలిచేది నా బాడీ. అంటే బండి నాది. మా తోడల్లుడు తన బానెట్ మీద చెయ్యి పెట్టుకున్నాడు. బేరం ఆడతాడేమో, నా బాడీయే ఇమ్మంటాడేమో అని, చెప్పాల్సిన మాటలన్నీ నాలిక మీద సిద్ధం చేసుకున్నాను. "అట్లే కానీ మేస్త్రీ" అన్నాడు ఆయన. "తమ్ముడు దగ్గిరుంటాడు గదా, అత్తను తీసుకోని పోవను సులువు. నాకు బస్సుండాది." నాలిక మీద ఉన్నవన్నీ మింగాను.

ఆయన ఇంకొక్క మాట చెప్పాడు. "దూరం పోయొచ్చినాక కాసేపు ఊరికే తిరగనీ తమ్ముడా, అప్పుడు ఆర్పు." నాకు తెలుసన్నా అన్నాను.

ఇంజను మార్చడం, ఆర్టీవో ఆఫీసులో బండి కాగితాల మీద ఇంజను నంబరు ఎక్కించుకోవడం, అన్నీ అయ్యాయి. మేస్త్రి గ్లాసు నిండా టీ పోసి నా బానెట్ మీద పెట్టాడు. కదల్లేదు. మీగడ కూడా ముడత పడలేదు. బీడీ ముట్టించాడు, తీరిగ్గా తాగాడు. నాకు ఎగిరి గంతేయాలనిపించింది. ఆయన తాగుతూ, "ఆయప్ప ఇంజన్ అంటే ఆయప్ప ఇంజనే" అన్నాడు. ఆ ఒక్క మాట అనకుండా టీ తాగలేడా మనిషి?

బండి మళ్ళీ చేతికొచ్చిన మొదటి రోజుల్లో నాకు ఒకటే భయం. తాళం అడుగుతాడేమో అని. ఫోను మోగితే ఉలిక్కిపడేవాణ్ణి. అడిగితే చెప్పడానికి రకరకాల సాకులు కూడా తయారుచేసుకున్నాను, టైరు పంచరని, బ్యాటరీ దిగిందని. ఆయన అడగలేదు. ఒక్కసారి కూడా అడగలేదు. అడగకపోయేసరికి ఇంకా మండింది నాకు. నా బండి మీద అంత లెక్కలేనితనమా అని.

మొదటి ఆదివారం వచ్చింది. చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాను. నేనూ మా ఆవిడా తెల్లవారగానే ప్రొద్దుటూరు పోయాం. మా అత్త బైబిలు పట్టుకుని వచ్చి, బండిని ముందు నుంచి చూసి, వెనక వాక్యం చదివి, ముందు సీట్లో కూర్చుంది. బయల్దేరాను. ఇంజను చప్పుడే లేదు. పత్తి చేల మధ్య నల్లటి రోడ్డు, ఎదురుగా చల్లగాలి. నేను చెవులు రిక్కించి కూర్చున్నాను. ఇప్పుడు పాట ఎత్తుకుంటుంది, ఈ మలుపు తిరగ్గానే ఎత్తుకుంటుంది అని. వేగం పెంచాను, పాటకు ఊపొస్తుందని. ముందుపోయే ఆటోలనూ ట్రాక్టర్లనూ అన్నీ దాటాను. ఓరకంట చూశాను. మా అత్త కళ్ళు మూసుకుంది. పెదవులు కదులుతున్నాయి. ఒక చెయ్యి తలుపు పైనున్న పిడిని పట్టుకుని ఉంది.

ప్రభు భోజనానికి సిద్ధపడుతోంది కాబోలు అనుకున్నాను.

చర్చి గేటు దగ్గర మా తోడల్లుడూ వదినా బస్సు దిగి నడిచి వస్తున్నారు. ఆయన పంచె అంచులకు దుమ్ము. నేను గేటు ముందే బండి ఆపి, ఆర్పకుండా, ఊరికే తిరగనిచ్చాను, ఆయన చూడాలని. ఆయన వచ్చి బానెట్ మీద అరచెయ్యి పెట్టాడు. అట్లాగే పెట్టుకుని, తల తిప్పకుండా అన్నాడు: "నిజం జెప్తాండా తమ్ముడా. నిన్ను సూస్తాంటే కుళ్ళుగా ఉండాదప్పా."

దేవుడా! ఎన్నేళ్ళుగా ఎదురుచూశానో ఆ మాట కోసం. నా చెవుల్లో తేనె పోసినట్టయింది. ఆయనకు! నా మీద! కుళ్ళు! ఆ పూట పాస్టరు ప్రసంగం దేని గురించో నాకు తెలియదు. నేను ఆ మాటనే చప్పరిస్తూ కూర్చున్నాను. ఎదుటివాడి కుళ్ళు ఇంత తియ్యగా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

ఆరాధన అయింది. అందరం మా ఇంటికి భోజనానికి పోవాలి, ఆ తర్వాత అత్తను ప్రొద్దుటూరులో దింపాలి. నేను తాళం చెయ్యి వేలికి తగిలించుకుని తిప్పుకుంటూ బండి దగ్గరికి వచ్చాను. మా అత్త ముందు సీట్లో కూర్చుని, నన్ను కాదు, నా వెనక ఉన్నాయన్ను చూసింది.

"బస్సులో వచ్చినావంట పెద్దోడా. అలిసిపోయింటావు గానీ, నువ్వు తోలు నాయనా."

"వద్దత్తా, తమ్ముడుండాడు గదా" అన్నాడు ఆయన. నిజంగానే వద్దన్నాడు.

మా అత్త నా వైపు తిరిగింది. "ఇయ్యి నాయనా తాళం చెయ్యి. నువ్వు ఎనకాల కూర్సో."

షెడ్డు పద్ధతి ఆమెకు తెలియదు. ఆయనకూ నాకూ తెలుసు. టైరు పంచరని చెబుదామంటే నాలుగు టైర్లూ ఎదురుగా కనిపిస్తున్నాయి. ఇచ్చాను. వెనక సీట్లో అక్కాచెల్లెళ్ళ పక్కన ఇరుక్కుని, నా మోకాళ్ళు నా ముందు సీటుకే తగులుకుంటూ కూర్చున్నాను.

ఆయన తాళం తిప్పి, కదిలించకుండా, ఇంజను వేడెక్కేదాకా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. తర్వాత బండి ఎప్పుడు కదిలిందో నాకు తెలియలేదు. గేరు మారిందని కూడా తెలియలేదు. ముందు గొర్రెలు అడ్డమొస్తే హారను కొట్టకుండా ఆగాడు. అదే ఇంజను. నా బాడీ, నా సీటు గుడ్డలు, నా పాలిష్.

మా అత్త చెయ్యి పైన పిడి మీద లేదు. ఒళ్ళో ఉంది, తాళం వేస్తోంది. వీధి దాటకముందే పాట ఎత్తుకుంది. మా ఆవిడా వదినా అందుకున్నారు. ఆయన స్టీరింగు వెనక నుంచి లోగొంతుతో కలిపాడు.

"నా బండి ఇది" అన్నాను నేను, గట్టిగానే. పాటలో ఎవరికీ వినపడలేదు.